ఆట నొక్కితే మళ్లీ మెనూకే వచ్చేస్తోంది, ఎర్రర్ ఎక్కడా కనపడట్లేదు (రెట్రోపై, పై 4)

ఖమ్మం_కిట్టు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అక్క పిల్లల కోసం రాస్ప్‌బెర్రీ పై 4 (2 జీబీ) అనే చిన్న కంప్యూటర్ మీద, పాత వీడియో గేములు ఆడించే రెట్రోపై వేసి ఒక గేమ్ డబ్బా తయారుచేశాను. వేసవి సెలవులకు వాళ్లు వచ్చారు, అన్నీ సరిగ్గా ఉండాలని నా తాపత్రయం. చిన్నప్పుడు మా ఇంట్లో క్యాసెట్లు పెట్టి ఆడే వీడియో గేమ్ ఉండేది. క్యాసెట్ పట్టుకోకపోతే తీసి, కింద గాలి ఊది, మళ్లీ పెట్టేవాళ్లం. ఇప్పుడు ఊదడానికి ఏమీ లేదు, అందుకే ఇక్కడికి వచ్చాను.

నింటెండో, సెగా ఆటలన్నీ బాగానే నడుస్తున్నాయి. ఆర్కేడ్ ఆటల్లో (నాణెం వేసి ఆడే పెద్ద యంత్రాల ఆటల్లో) మాత్రం ఏది నొక్కినా స్క్రీన్ నల్లబడి, మూడు సెకన్లకు మళ్లీ ఆటల లిస్టు వచ్చేస్తోంది. ఒక్క ముక్క మెసేజ్ కూడా రావట్లేదు. రెండుసార్లు మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఎక్కడ చూడాలో చెప్పండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను.


సిగ్నల్_శీను | 9:52

అన్నా, మళ్లీ ఇన్‌స్టాల్ చేయొద్దు. ముందు లాగ్ (ప్రోగ్రామ్ తను చేసింది రాసుకునే ఫైల్) పెట్టు.


ఖమ్మం_కిట్టు | 10:15

ఏ లాగ్ తమ్ముడూ? ఎమ్యులేషన్‌స్టేషన్ ఫోల్డర్‌లో ఒక లాగ్ ఫైల్ ఉంది, అందులో కంట్రోలర్ గురించి నాలుగు మాటలున్నాయి, అంతే. రీస్టార్ట్ చేసి మరీ చూశాను.


లక్ష్మి_లినక్స్ | 10:38

కిట్టు గారూ, మీరు చూసింది మెనూ రాసుకునే లాగ్. ఆట మొదలయ్యాక జరిగేది అందులో పడదు.

రెట్రోపైలో మీరు ఆట నొక్కగానే మెనూ నేరుగా ఎమ్యులేటర్‌ని (పాత యంత్రంలా నటించే ప్రోగ్రామ్‌ని) పిలవదు. మధ్యలో రన్‌కమాండ్ అనే స్క్రిప్టు ఉంటుంది. ఏ సిస్టమ్, ఏ ఎమ్యులేటర్, ఏ ఫైల్ అని లెక్క తేల్చుకుని అసలు కమాండ్‌ని నడిపేది అదే. దాని లాగ్ డెవ్ ఫోల్డర్ లోపల ఎస్‌హెచ్‌ఎం అనే ఫోల్డర్‌లో, రన్‌కమాండ్ డాట్ లాగ్ అనే పేరుతో ఉంటుంది.

ఆ ఎస్‌హెచ్‌ఎం ఫోల్డర్ మెమరీ కార్డు మీద లేదు, ర్యామ్‌లో ఉంది. కాబట్టి రీస్టార్ట్ చేస్తే లాగ్ పోతుంది. ఇంకో సంగతి: కొత్త ఆట నొక్కిన ప్రతిసారీ రన్‌కమాండ్ పాత లాగ్‌ని చెరిపేసి కొత్తది మొదలుపెడుతుంది. ఆర్కేడ్ ఆట చెడిపోయాక “డబ్బా అసలు పనిచేస్తోందా” అని మీరు ఒక మారియో నొక్కి చూసినా సరే, ఆర్కేడ్ లాగ్ పోయినట్టే.

ఇలా చేయండి. ఆర్కేడ్ ఆట నొక్కి, చిన్న బూడిద రంగు పెట్టె కనపడిన క్షణంలో కంట్రోలర్ మీద ఏదో ఒక బటన్ నొక్కండి. ఒక మెనూ వస్తుంది. అందులో వెర్బోస్ లాగింగ్‌తో (ప్రతిదీ వివరంగా రాసే లాగ్‌తో) లాంచ్ చేయమనే వరుస ఉంటుంది, దాన్ని ఎంచుకోండి. ఆట పడిపోయి లిస్టు వచ్చాక ఇంకేదీ నొక్కకుండా, కీబోర్డ్ మీద ఎఫ్4 కొట్టి టెర్మినల్‌లోకి వెళ్లి ఆ లాగ్ తెరవండి. వేరే కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ ద్వారా టెర్మినల్ తెరిచి) వచ్చినా సరే.


ఖమ్మం_కిట్టు | 11:20

లక్ష్మి గారూ, లాగ్ దొరికింది! దాదాపు 200 వరుసలున్నాయి. చివరి వరుసలో ఎర్రర్ అని ఉంది, “ఫెయిల్డ్ టు లోడ్ కంటెంట్” అంటోంది. అంటే ఫైల్ పాడైపోయినట్టేనా?


పాత_టీవీ | 11:45

కిట్టూ, తొందరపడకు. చివరి వరుస నీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. కంటెంట్ లోడ్ కాలేదని నీకూ తెలుసు, అందుకే కదా లాగ్ తెరిచావు. లాగ్‌ని ఎప్పుడూ పైనుంచి కిందికి చదవాలి. మొదటి ఎర్రర్ ఎక్కడుందో అక్కడ ఆగాలి. తర్వాత వచ్చేవన్నీ దాని వెనకాల వరుసగా పడిపోయినవే.

రెట్రోఆర్చ్ అంటే రకరకాల కోర్‌లను నడిపే ప్రోగ్రామ్. దాని లాగ్‌లో ప్రతి వరుసకీ ముందు చదరపు బ్రాకెట్‌లో ఒక గుర్తు ఉంటుంది: ఇన్ఫో, వార్న్, ఎర్రర్. కొన్నిటికి దాని ముందు లిబ్‌రెట్రో అని కూడా ఉంటుంది. లిబ్‌రెట్రో అని ఉన్నవి కోర్ చెప్తున్న మాటలు, అంటే అసలు ఆ యంత్రంలా నటించే భాగం చెప్తున్నవి. ఆ మాట లేనివి రెట్రోఆర్చ్ తనంతట తాను చెప్తున్నవి. స్క్రీన్, సౌండ్, కంట్రోలర్ గొడవలు రెట్రోఆర్చ్ వరుసల్లో దొరుకుతాయి. ఆట ఫైళ్ల గొడవ కోర్ వరుసల్లో దొరుకుతుంది. నీది ఏ రకమో ముందు అది చూడు.

ఇంకొకటి. లాగ్ మొదట్లోనే “ఎగ్జిక్యూటింగ్” అని ఒక పొడుగాటి వరుస ఉంటుంది. అది నిజంగా నడిచిన కమాండ్. ఏ కోర్ పిలిచిందో అందులో చూసి చెప్పు.


ఖమ్మం_కిట్టు | ఆదివారం, ఉదయం 7:05

సార్, మీరు చెప్పినట్టే పైనుంచి చదివాను. మధ్యలో కోర్ వరుసలు ఏడెనిమిది ఉన్నాయి, అన్నిట్లో ఏదో ఒక ఫైల్ పేరు, పక్కన “నాట్ ఫౌండ్”. వాటి కింద, కావలసిన ఫైళ్లు లేవు కాబట్టి ఆట నడవదని ఉంది. “ఎగ్జిక్యూటింగ్” వరుసలో ఉన్న కోర్ మేమ్ 2000.


పాత_టీవీ | 7:30

దొరికింది. నీ ఫైల్ పాడవలేదు.

మేమ్ అంటే ఆర్కేడ్ యంత్రాల్లా నటించే ఎమ్యులేటర్, మొదలైంది 1997 ఫిబ్రవరిలో. అప్పటినుంచి అసలు సర్క్యూట్ బోర్డుల మీది చిప్‌లను మరింత సరిగ్గా చదివిన కొద్దీ, ఒక ఆటకి ఏ ఏ చిప్ ఫైళ్లు ఉండాలి, వాటి పేర్లేమిటి అన్నది వెర్షన్ వెర్షన్‌కీ మారుతూ వచ్చింది. ఒకే ఆట జిప్ లోపల పాత వెర్షన్‌కి ఒక లెక్క, కొత్త వెర్షన్‌కి ఇంకో లెక్క. మేమ్ 2000 కోర్ అడిగేది మేమ్ 0.37బీ5 వెర్షన్ కాలపు ఫైళ్లు. మేమ్ 2003 అడిగేది 0.78 నాటివి. మేమ్ 2010 అయితే 0.139. ఎఫ్‌బీ నియో (ఇంకో ఆర్కేడ్ ఎమ్యులేటర్)కి ఎప్పటికప్పుడు తాజా సెట్టు కావాలి. నీ దగ్గరున్నవి ఏ సెట్టువో నీకే తెలియాలి. ఆ బటన్ మెనూలోనే ఒక్క ఆటకి మేమ్ 2003 ఎంచుకుని చూడు.


నిర్వాహకుడు | 7:41

అందరికీ గుర్తుచేస్తున్నాను: ఆట ఫైళ్లు, బయోస్ ఫైళ్లు (యంత్రం లేవడానికి కావలసిన ప్రోగ్రామ్) ఎక్కడ దొరుకుతాయన్నది ఇక్కడ అడగొద్దు, చెప్పొద్దు. మీ సొంత క్యాసెట్, డిస్క్, బోర్డుల నుంచి తీసుకున్నవాటి గురించే మాట్లాడుకుందాం. ఇప్పటివరకు చర్చ బాగా సాగుతోంది, కొనసాగించండి.


ఖమ్మం_కిట్టు | 8:10

నడిచింది సార్!! మేమ్ 2003 పెట్టగానే లేచింది. మొత్తం సిస్టమ్‌కే దాన్ని డీఫాల్ట్‌గా పెట్టేశాను. 19 ఆటల్లో 17 నడుస్తున్నాయి. రెండుసార్లు ఇన్‌స్టాల్ చేసి పోగొట్టుకున్న రెండు రాత్రులు గుర్తొస్తున్నాయి.

అయితే ఇంకో సమస్య ఉంది, అది దీనికంటే టెన్షన్ పెడుతోంది. పిల్లలు సాయంత్రం ఇద్దరూ కూర్చుని ఆడుతుంటే, ఒక అరగంటకి సౌండ్ గరగరమంటుంది, ఆట నెమ్మదిస్తుంది, కాసేపటికి మొత్తం బిగుసుకుపోతుంది. కీబోర్డ్ కూడా పలకదు. ప్లగ్ తీసి పెట్టాల్సిందే. ప్లగ్ తీస్తే లాగ్ పోతుందని ఇప్పుడే నేర్చుకున్నాను. మరి దీన్ని ఎలా పట్టుకోవాలి?


గుంటూరు_గేమర్ | 8:32

నాకూ ఇదే అవస్థ. ఫాలో అవుతున్నా.


లక్ష్మి_లినక్స్ | 11:10

దీనికి లాంచ్ స్క్రిప్టులు రాసుకోవాలి. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. రెడీమేడ్ కోడ్ ఇవ్వకుండా ఒక్కో వరుస ఏం చేయాలో మాటల్లో చెప్తాను. ఎందుకు రాస్తున్నారో తెలిసి రాసుకుంటే, రేపు ఏదైనా మార్చాలన్నా మీకు మీరే మార్చుకోగలరు.

రన్‌కమాండ్ మీ కోసం మూడు చోట్ల ఆగి చూస్తుంది. ఆప్ట్, రెట్రోపై, కాన్ఫిగ్స్, ఆల్ అనే ఫోల్డర్‌లో మీ స్క్రిప్టు ఉందా అని. పేర్లు ఇవి: రన్‌కమాండ్-ఆన్‌స్టార్ట్, రన్‌కమాండ్-ఆన్‌లాంచ్, రన్‌కమాండ్-ఆన్‌ఎండ్. చివర డాట్ ఎస్‌హెచ్. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఆన్‌స్టార్ట్ బటన్ మెనూ రాకముందే నడుస్తుంది. ఆన్‌లాంచ్ ఆ మెనూ అయిపోయాక, ఎమ్యులేటర్ లేచే ముందు నడుస్తుంది. మెనూలో మీరు ఎమ్యులేటర్ మార్చితే ఆ మార్పు ఆన్‌లాంచ్‌కే సరిగ్గా తెలుస్తుంది, కాబట్టి మన పని అక్కడ పెడదాం. ఆన్‌ఎండ్ ఆట మూసేశాక నడుస్తుంది.

ప్రతి స్క్రిప్టుకీ నాలుగు సంగతులు అందుతాయి. $1 అంటే సిస్టమ్ పేరు, $2 ఎమ్యులేటర్, $3 ఆట ఫైల్ పూర్తి దారి, $4 మొత్తం కమాండ్. వీటిని ఎక్కడ వాడినా డబుల్ కొటేషన్లలోనే వాడండి: "$3". ఆట పేర్లలో ఖాళీలుంటాయి, చదరపు బ్రాకెట్లుంటాయి. కొటేషన్ లేకపోతే ఒక పేరు నాలుగు ముక్కలవుతుంది.

ఇక ఆన్‌లాంచ్‌లో ఏం రాయాలి? మీ హోమ్ ఫోల్డర్‌లో లాగుల కోసం ఒక ఫోల్డర్ చేసుకోండి. ఆట మొదలవుతోందని, $1, $2, $3 కలిపి ఒక వరుస రాసి, వెంటనే సింక్ అనే కమాండ్ ఇవ్వండి. ఇది మరిచిపోతే అంతా వృథా. మీరు ఫైల్‌లో రాసినది వెంటనే కార్డు మీదికి వెళ్లదు. లినక్స్ దాన్ని మామూలుగా అర నిమిషం దాకా ర్యామ్‌లోనే ఉంచుకుంటుంది. ఈలోపు ప్లగ్ పీకితే, రాశాననుకున్నది కార్డులో ఉండదు. మన ఇళ్లలో కరెంటు పోయినా అంతే.

తర్వాత ఒక చిన్న లూప్. ప్రతి 30 సెకన్లకు మూడు విషయాలు రాసి సింక్ చేయాలి: వేడి ఎంత, ఖాళీ మెమరీ ఎంత, వోల్టేజీ గుర్తు ఎంత. వేడి, వోల్టేజీ రెండూ విసిజెన్‌కమాండ్ అనే కమాండ్ చెప్తుంది. మొదటిదానికి మెజర్ టెంప్, రెండోదానికి గెట్ థ్రాటిల్డ్ అని అడగాలి. లూప్ చివర & గుర్తు తప్పనిసరి, లూప్‌ని వెనకాల నడిపేది అదే. మీ స్క్రిప్టు అయ్యేదాకా రన్‌కమాండ్ కదలదు. & లేకపోతే లూప్ ఎప్పటికీ అవదు, ఆట ఎప్పటికీ మొదలవదు.

లూప్ ఆగడానికి ఒక గుర్తు ఫైల్ పెట్టండి, ఎస్‌హెచ్‌ఎం లోనే. ఆ ఫైల్ ఉన్నంతసేపు లూప్ తిరుగుతుంది. ఆన్‌ఎండ్ స్క్రిప్టు దాన్ని చెరిపేస్తుంది.

ఆన్‌ఎండ్‌లో ఆ పని చేశాక, రన్‌కమాండ్ లాగ్‌ని మీ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. ఇకమీదట ఇంకో ఆట నొక్కినా, రీస్టార్ట్ చేసినా పాత లాగులన్నీ అక్కడే ఉంటాయి.


సిగ్నల్_శీను | 11:48

అక్కా, సూపర్. కానీ ప్రతి 30 సెకన్లకు కార్డు మీద రాస్తే మెమరీ కార్డు అరిగిపోదా? అందుకే కదా రెట్రోపై వాళ్లు లాగ్‌ని ర్యామ్‌లో పెట్టింది.


లక్ష్మి_లినక్స్ | 12:05

మంచి ప్రశ్న శీనూ. నిజమే, ఏళ్ల తరబడి అలా వదిలేస్తే మంచిది కాదు. మనం రోగం కనుక్కోవడానికి ఒక వారం నడుపుతున్నాం, అంతే. దొరికాక లూప్ తీసేయండి. ఆన్‌ఎండ్‌లో కాపీ మాత్రం ఉంచుకోవచ్చు, ఆటకి ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ అంతే కదా. అవి కూడా పేరుకుపోకుండా, కొత్తవి 50 ఉంచి పాతవి తీసేసే వరుస ఒకటి ఆన్‌ఎండ్ చివర రాయండి.


పాత_టీవీ | 12:30

శీను మాటలో బలం ఉంది. నేనైతే లూప్ రాతలు పాత పెన్‌డ్రైవ్‌లోకి పంపుతాను. అరిగితే అదే అరుగుతుంది. నా చేతిలో ఒక కార్డు రాతలకే పోయింది, అప్పట్నుంచి నాకు భయం. అయితే పెన్‌డ్రైవ్ కూడా కరెంటు తాగుతుంది. కిట్టు సమస్య కరెంటుదేనని నా అనుమానం, కాబట్టి ప్రస్తుతానికి అతని డబ్బాకి ఇంకేమీ తగిలించొద్దు.


గుంటూరు_గేమర్ | మధ్యాహ్నం 2:15

లక్ష్మి గారూ, మీరు చెప్పినట్టే రాశాను కానీ నా స్క్రిప్టు అసలు పనిచేయట్లేదు. రన్‌కమాండ్ లాగ్‌లో నా స్క్రిప్టు పేరు, లైన్ నంబర్, ఆ పక్కన డాలర్, కొటేషన్‌లో బ్యాక్‌స్లాష్ ఆర్, “కమాండ్ నాట్ ఫౌండ్” అని ప్రతి వరుసకీ వస్తోంది. ఎగ్జిక్యూట్ పర్మిషన్ కూడా ఇచ్చాను.


లక్ష్మి_లినక్స్ | 2:22

విండోస్‌లో టైప్ చేసి నెట్‌వర్క్ ఫోల్డర్ ద్వారా కాపీ చేశారు కదా?


గుంటూరు_గేమర్ | 2:24

అవునండీ! ఎలా తెలిసింది?


లక్ష్మి_లినక్స్ | 2:40

ఆ బ్యాక్‌స్లాష్ ఆర్ చెప్పింది. వరుస అయిపోయిందని చెప్పడానికి విండోస్ రెండు గుర్తులు రాస్తుంది, లినక్స్ ఒక్కటే రాస్తుంది. మిగిలిన ఆ ఒక్క గుర్తూ కంటికి కనపడదు. బ్యాష్ (స్క్రిప్టులను చదివి నడిపే ప్రోగ్రామ్) మాత్రం దాన్ని కమాండ్‌లో భాగమనుకుంటుంది. ఖాళీ వరుసలో కూడా ఆ గుర్తు ఉంటుంది కాబట్టి ఖాళీ వరుసకీ ఎర్రరే. డాస్2యునిక్స్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసి ఆ ఫైల్ మీద ఒకసారి నడపండి. లేదా పై డబ్బాలోనే నానో ఎడిటర్‌లో మొదటినుంచి టైప్ చేయండి.

పర్మిషన్ గురించి: ఈ మూడు స్క్రిప్టులనూ రన్‌కమాండ్ బ్యాష్‌కి ఇచ్చి నడిపిస్తుంది, కాబట్టి ఎగ్జిక్యూట్ పర్మిషన్ లేకపోయినా నడుస్తాయి. వాటిలో వచ్చిన ఎర్రర్లు కూడా అదే లాగ్‌లోకి చేరతాయి. మీకు అది కనపడింది అందుకే.


ఆస్టిన్_సుబ్బు | 8:50

నాది విండోస్ పీసీ, రెట్రోఆర్చ్‌ని బ్యాచ్ ఫైల్‌తో (విండోస్ స్క్రిప్టుతో) పిలుస్తాను. ఇదే దారిలో నేను పడిన పాట్లు చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయి.

నా దగ్గర కొన్ని ఆటలు మాత్రమే లేచేవి కాదు. అదే సిస్టమ్, అదే కోర్, పక్క ఆట నడుస్తుంది, ఇది నడవదు. రెట్రోఆర్చ్ లాగ్ చూస్తే ఫైల్ లేదంటుంది. ఫోల్డర్‌లో చూస్తే ఫైల్ ఉంది. రెండు వారాలు తల పట్టుకున్నాను. చివరికి బ్యాచ్ ఫైల్‌లో ఆటను పిలిచే ముందు, తనకి ఏ పేరు అందిందో, తను ఏ పేరుతో పిలుస్తోందో రెండూ లాగ్‌లో రాయించాను. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసింది. అందిన పేరు చివర [!] ఉంది. పిలిచిన పేరులో [] మాత్రమే ఉంది. ఆశ్చర్యార్థకం మాయం!

బ్యాచ్ ఫైల్ మొదట్లో డిలేడ్ ఎక్స్‌పాన్షన్ ఆన్ చేసి పెట్టాను, ఎక్కడో చూసి. అది ఆన్‌లో ఉంటే ! అన్న గుర్తుకి వేరే అర్థం వస్తుంది, పేరులోంచి దాన్ని తినేస్తుంది. సరిగ్గా తీసిన కాపీ అని చెప్పడానికి ఆట పేర్లలో [!] పెట్టడం పాత అలవాటు కదా, అంటే నా దగ్గరున్న మంచి కాపీలే లేవట్లేదన్నమాట. ఆ వరుస తీసేశాను, అన్నీ లేచాయి.

విండోస్‌లో బ్యాచ్ ఫైల్ లేకుండా కూడా లాగ్ తీసుకోవచ్చు. రెట్రోఆర్చ్ సెట్టింగ్స్‌లో లాగింగ్ అనే విభాగంలో వెర్బాసిటీ, లాగ్ టు ఫైల్, టైమ్‌స్టాంప్ మూడూ ఆన్ చేస్తే ప్రతిసారీ తేదీతో వేరే ఫైల్ వస్తుంది. మూడోది ఆన్ చేయకపోతే పాత లాగ్ మీదే కొత్తది పడుతుంది.

ఇంకొకటి, ఎర్రర్‌లెవెల్ (ప్రోగ్రామ్ మూసుకుంటూ ఇచ్చే నంబర్) కూడా రాయించుకోండి. -1073741515 వస్తే ఏదో డీఎల్‌ఎల్ ఫైల్ లేదని. -1073741819 వస్తే ప్రోగ్రామ్ తనది కాని మెమరీని ముట్టుకుని పడిపోయిందని. మొదటిదానికి ఇన్‌స్టలేషన్ సరిచేసుకోవాలి, రెండోదానికి కోర్ మార్చి చూడాలి.


పాత_టీవీ | 9:30

సుబ్బు గారు చెప్పింది బంగారం. లాగ్‌లో ఎర్రర్ ఒక్కటే రాస్తే సరిపోదు. స్క్రిప్టు చేతికి ఏం అందింది, అది ఏం పిలిచింది, రెండూ రాయాలి.

లినక్స్‌లో కూడా ఆ ముగింపు నంబర్ ముఖ్యం. ఆన్‌ఎండ్ స్క్రిప్టుకి అది అందదు. కావాలంటే మధ్యలో ఒక చుట్టు స్క్రిప్టు పెట్టుకోవాలి. మూడే వరుసలు: మొదటిది "$@", అంటే తనకి అందిన కమాండ్‌ని యథాతథంగా నడపడం. కొటేషన్లు మరవొద్దు. రెండోది $? విలువను దాచుకుని లాగ్‌లో రాయడం. మూడోది అదే నంబర్‌తో బయటికి రావడం. తర్వాత ఆ సిస్టమ్ ఎమ్యులేటర్స్ డాట్ సీఎఫ్‌జీ ఫైల్‌లో, ఉన్న వరుసను కదిలించకుండా, కొత్త పేరుతో ఇంకో వరుస చేర్చి, కమాండ్ ముందు ఈ చుట్టు స్క్రిప్టు దారి పెట్టండి. ఉన్న వరుసనే మార్చితే, ఆ ఎమ్యులేటర్‌ని అప్‌డేట్ చేసిన రోజు మీ మార్పు కొట్టుకుపోతుంది. రెట్రోఆర్చ్ కోర్ అయితే కొత్త పేరు కూడా ఎల్‌ఆర్ హైఫన్‌తోనే మొదలుపెట్టండి, రన్‌కమాండ్ దాన్నిబట్టే గుర్తుపడుతుంది. ఈ చుట్టు స్క్రిప్టుకి మాత్రం ఎగ్జిక్యూట్ పర్మిషన్ కావాలి. లేకపోతే 126 వస్తుంది.

0 అంటే మామూలుగా మూసుకుంది. 127 అయితే ఆ పేరుతో ప్రోగ్రామే లేదు, దారి తప్పు టైప్ చేశారు. 139 అయితే 128కి 11 కలిపినది, సెగ్మెంటేషన్ ఫాల్ట్, కోర్ పగిలింది. 137 అయితే ఎవరో బలవంతంగా చంపారు. ఆ ఎవరో చాలాసార్లు మెమరీ చాలక కెర్నలే (లినక్స్ గుండెకాయ), దాని మాటలు చూపే డీమెస్గ్ కమాండ్‌లో చూస్తే “అవుట్ ఆఫ్ మెమరీ” అని ఉంటుంది.


ఖమ్మం_కిట్టు | సోమవారం, రాత్రి 10:05

అన్నీ పెట్టాను. చుట్టు స్క్రిప్టు కూడా. రెండు చిక్కులు వచ్చాయి.

ఒకటి: లాగ్ ఫైళ్ల పేర్లలో తేదీ పెట్టాను. డబ్బాని వైఫైకి కలపలేదు. ప్లగ్ తీసి పెట్టినప్పుడల్లా గడియారం వెనక్కి పోతోంది. నిన్నటి టైమే ఇవాళ మళ్లీ వచ్చి, ఒక ఫైల్ మీద ఇంకోటి పడింది.

రెండు: కొన్నిసార్లు 30 సెకన్లకు ఒక వరుస రావాల్సింది రెండేసి వస్తున్నాయి.


లక్ష్మి_లినక్స్ | 10:30

గడియారం సంగతి నేనే ముందు చెప్పాల్సింది. పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. నెట్ లేకపోతే, చివరిసారి సేవ్ చేసుకున్న టైమ్ నుంచే మళ్లీ మొదలవుతుంది. ఫైల్ పేరులో తేదీ మానేసి వరుస సంఖ్య పెట్టండి. ఒక చిన్న ఫైల్‌లో అంకె ఉంచి, ప్రతి ఆటకీ ఒకటి కలుపుకుంటూ పోవాలి. లోపల టైమ్ కావాలంటే ప్రాక్ ఫోల్డర్‌లోని అప్‌టైమ్ రాయండి, పవర్ ఇచ్చి ఎన్ని సెకన్లయిందో అది చెప్తుంది. అది వెనక్కి పోదు.

రెండోది నా తప్పు. పిల్లలు ఒక ఆట మూసి 30 సెకన్లలోపే ఇంకోటి మొదలుపెట్టి ఉంటారు. పాత లూప్ నిద్రలో ఉండగానే ఆన్‌ఎండ్ గుర్తు ఫైల్ చెరిపింది, కొత్త ఆట మళ్లీ పెట్టింది. పాత లూప్ లేచి చూస్తే ఫైల్ ఉంది, కాబట్టి అదీ తిరుగుతోంది. సరిచేయడానికి గుర్తు ఫైల్‌లో $$ రాయండి, అది ఆ స్క్రిప్టు నంబర్. లూప్ ప్రతిసారీ ఫైల్ తెరిచి, లోపల తన నంబరే ఉందా అని చూసుకోవాలి. లేకపోతే ఆగిపోవాలి.


ఖమ్మం_కిట్టు | మంగళవారం, రాత్రి 9:15

ఇవాళ సాయంత్రం మళ్లీ బిగుసుకుపోయింది. నాకు సంతోషమేసింది, ఎందుకంటే ఈసారి లాగ్ మిగిలింది. ఆట నంబర్ 23, చివరి వరుసలు ఉన్నదున్నట్టు (అప్‌టైమ్, వేడి, ఖాళీ మెమరీ ఎంబీల్లో, వోల్టేజీ గుర్తు):

1510 | 61 | 1204 | 0
1540 | 62 | 1203 | 0
1570 | 63 | 1203 | 50005
1600 | 63 | 1202 | 50005
1630 | 62 | 1203 | 50005

దాని తర్వాత ఏమీ లేదు. ఆన్‌ఎండ్ నడవలేదు, చుట్టు స్క్రిప్టు నంబర్ రాయలేదు.


పాత_టీవీ | 9:28

కరెంటే. వేడి 63 దాటలేదు, పై 4 స్పీడ్ తగ్గించుకునేది 80 డిగ్రీల దగ్గర. ఖాళీ మెమరీ కావలసినంత ఉంది. అంటే ఆ రెండూ కాదు. 50005లో చివరి 5 అంటే ఈ క్షణాన వోల్టేజీ తక్కువగా ఉంది, స్పీడ్ తగ్గించి నడుస్తున్నాను అని. ముందున్న 5 అంటే పవర్ ఇచ్చాక ఎప్పుడో ఒకప్పుడు అలా జరిగింది అని. ఆ ముందరి అంకె మళ్లీ ఆఫ్ చేసేదాకా పోదు, అందుకే ఒక్కసారి చూస్తే ఇప్పటిదో పాతదో తెలియదు. నీ లూప్ వల్ల సరిగ్గా 1540కీ 1570కీ మధ్య మొదలైందని తెలిసింది.

1540 తర్వాత ఏం తగిలించారు? అడాప్టర్ ఏది?


ఖమ్మం_కిట్టు | 9:50

పిల్లల్ని అడిగాను. చిన్నోడు ఆట మధ్యలో రెండో కంట్రోలర్ పెట్టాడట, దానికి లోపల వైబ్రేషన్ మోటార్లున్నాయి. అడాప్టర్ నా పాత ఫోన్ ఛార్జర్. కేబుల్ సన్నటిది, దాదాపు 2 మీటర్లు.


సిగ్నల్_శీను | 9:58

అన్నా, ఆ కేబులే. సన్నటి, పొడుగు తీగలో వోల్టేజీ దారిలోనే తగ్గిపోతుంది. పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్, దానికే అతికి ఉన్న మందం కేబుల్‌తో తీసుకో. పై 4 దగ్గరికి వచ్చేసరికి 4.63 వోల్టుల కంటే తగ్గితే ఆ గుర్తు పడుతుంది. టీవీలో మూలన మెరుపు బొమ్మ రాలేదా?


ఖమ్మం_కిట్టు | 10:02

వచ్చేది తమ్ముడూ! ఆటలో భాగమనుకున్నాం. పెద్దపిల్ల “పవర్ వచ్చింది” అని అరిచేది కూడా.


గుంటూరు_గేమర్ | బుధవారం, ఉదయం 6:50

నా స్క్రిప్టు కూడా పనిచేసింది, డాస్2యునిక్స్‌తో. నాది వేరే గొడవ. సెగా సీడీ బయోస్ ఫైల్ తెరవలేకపోయానని లాగ్‌లో ఉంది, ఫోల్డర్‌లో చూస్తే ఉంది. సుబ్బు గారి పోస్ట్ గుర్తొచ్చి రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూశాను. లాగ్‌లో అడిగిన పేరులో సీ, డీ, యూ పెద్ద అక్షరాలు. నా ఫైల్‌లో అన్నీ చిన్నవి. విండోస్‌లో ఇదే ఫైల్ ఏ ఇబ్బందీ లేకుండా నడిచేది. పేరు మార్చగానే లేచింది. అందరికీ థాంక్స్ అండీ.


ఖమ్మం_కిట్టు | శుక్రవారం, రాత్రి 10:30

కొత్త అడాప్టర్ వచ్చింది. ఇవాళ ఇద్దరూ, రెండు కంట్రోలర్లతో, రెండు గంటల పది నిమిషాలు ఆడారు. లాగ్ నంబర్ 31 నుంచి 38 దాకా మొత్తం తిరగేశాను. వోల్టేజీ గుర్తు మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా 0. ముగింపు నంబర్లు అన్నీ 0, ఒక్క 34 తప్ప. దానికి 139 వచ్చింది. అది ఆ నడవని రెండు ఆర్కేడ్ ఆటల్లో ఒకటి.

లక్ష్మి గారు చెప్పినట్టు లూప్ తీసేశాను, ఆన్‌ఎండ్ కాపీ ఉంచాను. ఆ 139 గురించి ఆదివారం వేరే థ్రెడ్ పెడతాను. ఈసారి లాగ్‌తోనే వస్తాను, ఏ కోర్ పిలిచిందో, మొదటి ఎర్రర్ ఎక్కడుందో గీత గీసి మరీ.


పాత_టీవీ | 10:41

పెట్టు కిట్టూ. ఆ ఆటనే ఎఫ్‌బీ నియోతో కూడా ఒకసారి లేపి, ఆ లాగ్ కూడా పక్కన పెట్టు. రెండూ కలిపి చూద్దాం.